వేటగాడు లేని చావులు: హిస్పిడ్ కుందేలు, తకాకియా నాచు గురించి ఒక బహిరంగ లేఖ

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ అధికారులకు,
చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం.

హిమాలయాల పాదాల దగ్గర పొడవాటి గడ్డిలో బతికే ఒక కుందేలు, అవే హిమాలయాల మీద మూడున్నర, నాలుగు వేల మీటర్ల ఎత్తులో రాళ్ల సందుల్లో బతికే ఒక నాచు. ఈ రెండింటి గురించి మీకు రాస్తున్నాను. రెండూ అంతరించే దారిలో ఉన్నాయి. కుందేలుకు మన వన్యప్రాణి చట్టం ఇవ్వగలిగిన అన్నిటికంటే గట్టి రక్షణ ఉంది. నాచుకు పేరు పెట్టి ఇచ్చిన రక్షణ ఏదీ లేదు. అయినా రెండూ తగ్గిపోతూనే ఉన్నాయి. వాటిని ప్రధానంగా చంపుతున్నది చట్టం చెయ్యిపట్టి ఆపగల వేటగాడో దొంగో కాదు కాబట్టి, రెండింటి విషయంలోనూ ఇప్పుడున్న రక్షణ పద్ధతి చాలడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

నేను ఉత్తరాంధ్రలో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. బ్రయోఫైటా (నాచులు, వాటి బంధువులు) పాఠం రాగానే ఫ్యునేరియా అనే నాచు బొమ్మ గీయించి, భాగాలు గుర్తు పెట్టించి, తరవాతి పాఠానికి వెళ్లిపోతాం. అంతరించిపోతున్న జీవుల పేర్లు చెప్పమంటే పిల్లలు పులి, ఏనుగు, బట్టమేక పిట్ట అంటారు. నాచు పేరు ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. అది పిల్లల తప్పు కాదు. వాళ్ల చేతికి మనం ఇచ్చిన జాబితాల్లోనే ఆ పేరు లేదు.

ముందు కుందేలు సంగతి. కాప్రోలాగస్ హిస్పిడస్ దాని శాస్త్రీయ నామం. ముదురు గోధుమ రంగు, ముట్టుకుంటే గరుకుగా ఉండే బిరుసు వెంట్రుకలు, పొట్టి చెవులు, పొట్టి వెనక కాళ్లు, రెండున్నర కిలోలకు అటూ ఇటూ బరువు. మన మెట్టచేలలో రాత్రిపూట బండి లైటు పడగానే గాల్లో తేలినట్టు పరుగెత్తే చెవులపిల్లి వేరు, ఇది వేరు. ఇది బయలులోకి రాదు. రెల్లు, దర్భ జాతి గడ్డి మనిషెత్తు దాటి పెరిగే తెరాయి (హిమాలయాల కింది పల్లపు నేల) మైదానాల్లో, ఆ గడ్డి మరుగునే తిని, దాక్కుని, పిల్లల్ని కని బతుకుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని దుధ్వా, పశ్చిమ బెంగాల్‌లోని జల్దాపారా, అస్సాంలోని మానస్, అటు నేపాల్‌లో శుక్లాఫాంటా, బర్దియా, చిత్వాన్, భూటాన్ వైపున రాయల్ మానస్. ఇలా తెగిపోయిన ముక్కల్లోనే ఇప్పుడు మిగిలింది. దాని ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఇంకో జాతి లేదు. ఇది పోతే ఆ ప్రజాతే పోతుంది.

ఈ కుందేలు ఒకసారి పోయిందనే అనుకున్నారు. 1960ల మధ్యలో ఇక లేదేమో అన్న మాట వచ్చింది. 1971లో అస్సాంలోని బర్నాడిలో బతికున్న కుందేలు చేతికి చిక్కింది. గడ్డిమైదానాల్లోనే ఉండే చిట్టి అడవిపంది కూడా ఆ ఏడాదే మళ్లీ కనిపించింది. ఈ రెండింటి కోసమే 1980లో బర్నాడిని అభయారణ్యం చేశారు. ఒక చిన్న గడ్డిజంతువు కోసం ప్రభుత్వం అభయారణ్యం ప్రకటించడం గొప్ప విషయం. ఆ నిర్ణయం తీసుకున్న వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. నేపాల్‌లోని చిత్వాన్‌లో 1984 తరవాత ఎవరికీ కనిపించని ఈ కుందేలు 2016లో మళ్లీ ఫొటోకు దొరికింది. అంటే చోటిస్తే నిలుస్తుంది, నిలబడి చూపించింది కూడా.

ఇక నాచు. వానాకాలం బావిగట్టు మీద, పాత ఇళ్ల గోడల మీద పచ్చగా పరుచుకునే మాస్ మొక్కల బంధువే ఇది. పేరు తకాకియా. ఎత్తు సెంటీమీటరుకు అటూ ఇటూ. ఆకులు ఆకుల్లా కాక సన్నటి వేళ్లలా చీలి ఉంటాయి. ప్రపంచంలో రెండే జాతులున్నాయి: తకాకియా సెరటోఫిల్లా, తకాకియా లెపిడోజియోయిడెస్. హిమాలయాలు, టిబెట్, జపాన్, బోర్నియో, ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు కొండలు, ఇంత దూరదూరాల్లో చెదిరిన చిన్న చిన్న చోట్లలో దొరుకుతాయి.

దీని కథ మన దేశంలో మొదలైందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ 1848–50 మధ్య సిక్కింలో తిరిగినప్పుడు లాచెన్ ప్రాంతంలో ఏరిన మొక్కల్లో ఇదొకటి. ఇంగ్లండ్‌లో మందుల దుకాణం నడుపుకుంటూ నాచుల మీద పట్టు సాధించిన విలియం మిటెన్ అనే ఆయన దానికి తొలి వర్ణన రాశాడు. కానీ దాన్ని నాచుగా కాక, నాచులకు బంధువైన లివర్‌వర్ట్ అనే మరో రకం మొక్కగా లెక్కవేశాడు. తరవాత తొంభై ఏళ్లు దాన్ని పట్టించుకున్న వాళ్లు లేరు. 1951లో జపాన్ కొండల మీద అక్కడి శాస్త్రవేత్త నొరివో తకాకి రెండో జాతిని చూశాడు. 1958లో ఆయన పేరిట ప్రజాతి ఏర్పడింది. హుకర్ ఏరిన మొక్క కూడా ఇదే కోవలోనిదని 1963లో తేలింది. ఇది లివర్‌వర్టా, నాచా అన్న తగవు ఇంకో ముప్పై ఏళ్లు నడిచింది. అలాస్కాలోని అల్యూషియన్ దీవుల్లో సిద్ధబీజాశయాలతో (విత్తనాలకు బదులు పొడిలాంటి సిద్ధబీజాలు తయారయ్యే తిత్తులతో) ఉన్న మొక్కలు దొరికి, ఆ సంగతి 1993లో అచ్చయ్యాక గానీ నాచేనని అందరూ ఒప్పుకోలేదు. సిక్కిం రాళ్ల మీద పుట్టిన ప్రశ్నకు అలాస్కా దీవుల్లో జవాబు దొరికింది. ఇంత చరిత్ర ఉన్న మొక్క సిక్కింలో ఇప్పుడు ఎన్ని చోట్ల, ఎంత మేర ఉందో ఏటా చూసి రాసిపెట్టే ఏర్పాటు ఉండాలని నేను అడగడం అత్యాశ అనుకోను.

టిబెట్‌లో ఆ పని జరిగింది. చైనా, జర్మనీ శాస్త్రవేత్తలు 2010 నుంచి పదేళ్లకు పైగా అక్కడి ఒక హిమానీనదం పక్కన తకాకియా లెపిడోజియోయిడెస్‌ను గమనించి, దాని జన్యుపటం మొత్తం చదివి, 2023లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదికి ఎనిమిది నెలలు మంచు కింద, మిగిలిన నాలుగు నెలలు మనిషి చర్మం తట్టుకోలేనంత అతినీలలోహిత కాంతి కింద బతికే మొక్క అది. దాని వంశానికి 39 కోట్ల ఏళ్ల వయసు ఉంటుందని వాళ్ల అంచనా. డైనోసార్లు పుట్టకముందు నుంచీ, పూలమొక్కలు పుట్టకముందు నుంచీ ఉందన్న మాట. హిమాలయాలు దాని కాళ్ల కింద పైకి లేచాయి. ఆ మార్పుకు తగ్గట్టు అది మారగలిగింది, ఎందుకంటే కొండ లేవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. ఇప్పటి వేడి అంత గడువు ఇవ్వడం లేదు. వాళ్లు చూసిన చోట ఆ హిమానీనదం ఏడాదికి యాభై మీటర్ల చొప్పున వెనక్కి పోతోంది. తకాకియా పరుచుకున్న మేర ఏడాదికి 1.6 శాతం చొప్పున తగ్గింది. పక్కనే ఉన్న మామూలు నాచుల కంటే ఇదే వేగంగా తగ్గింది. అదే వేగం సాగితే నలభై ఏళ్లు దాటేసరికి సగం పోతుంది. ఈ శతాబ్దం చివరికి ప్రపంచం మొత్తం మీద దానికి అనువైన చోటు 1,000 నుంచి 1,500 చదరపు కిలోమీటర్లే మిగలవచ్చని వాళ్లు లెక్కగట్టారు.

కుందేలును ఏం చంపుతోందో కూడా చెప్పాలి. మలేరియా అదుపులోకి వచ్చాక తెరాయిలో అడవులు నరికి పొలాలు చేసుకున్నారు, ఊళ్లు లేచాయి, గడ్డి ముక్కలైంది. మిగిలిన ముక్కల్లో ఏటా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గడ్డికి నిప్పు పెడతారు. కొత్త చిగురు వస్తే జింకలకూ ఖడ్గమృగాలకూ మేత, పులికి వేట, సందర్శకులకు చూపు. ఊరివాళ్లకు కప్పు గడ్డి కావాలి. నిప్పు పూర్తిగా ఆపేయమని అడిగేంత అమాయకుణ్ని కాను. నిప్పూ కోతా లేకపోతే చెట్లు చొరబడి గడ్డిమైదానం అడవి అయిపోతుంది, అప్పుడు కుందేలుకు అసలు చోటే ఉండదు. చిక్కు ఎక్కడంటే, ఒకే సీజనులో ఎంత మేర కాలుస్తున్నాం, ఏ నెలలో కాలుస్తున్నాం అన్నదగ్గర. ఈ కుందేలు పిల్లల్ని కనే కాలం ఆ నెలలతోనే కలుస్తుంది. తల్లి నదిగట్టున తడి ఆరని గడ్డిలోకి, చిత్తడి అంచులోకి పరుగెత్తి తప్పించుకోవచ్చు. సరిగ్గా పరుగెత్తలేని పసిపిల్ల ఎక్కడికి పోతుంది? చుట్టూ కిలోమీటర్ల మేర బూడిదైతే తప్పించుకున్న తల్లికి కూడా ఆ నాలుగు గడ్డి దుబ్బులే దిక్కు. కుక్కలకు, నక్కలకు అక్కడ అది ఎదురుగా కనిపిస్తుంది.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో హిస్పిడ్ కుందేలు మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. అంతర్జాతీయ వ్యాపారానికి సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధం అడ్డు. మరి గడ్డి కాలిస్తే? నిప్పు పెట్టేది పార్కు సిబ్బందే. అది వార్షిక పనుల ప్రణాళికలో రాసి ఉన్న పని, దానికి బడ్జెట్ కూడా ఉంది. ఒక ఊరివాడు వల వేసి ఒక్క కుందేలును పడితే నేరం. పనుల ప్రణాళిక ప్రకారం వంద హెక్టార్లు ఒక్క మధ్యాహ్నం తగలబడితే అది నిర్వహణ. సిబ్బందిని నిందించడం లేదు. ఎండలో, పొగలో ఆ పని చేసేది జీతం తక్కువ దినకూలీలు. పై నుంచి వచ్చిన కాగితమే వాళ్ల చేత చేయిస్తోంది.

మొక్కల వైపు చూస్తే, 1991లో చట్టానికి చేర్చిన అధ్యాయం కొన్ని మొక్కలను పీకడం, కోయడం, అమ్మడం నిషేధించింది. ఆరో షెడ్యూలులో ఆరు పేర్లుండేవి. అందులో ఒకటి మన శేషాచలం, కడప కొండల సైకస్ బెడ్డోమీ. దాని మగ కోన్లను కోసి మందులకు అమ్మేవారు. కోసేవాడు ఉన్నాడు కాబట్టి కోయవద్దన్న చట్టానికి అక్కడ పని ఉంది. మిగిలినవి ఆర్కిడ్లు, నెపెంథిస్, కుష్ఠు వేరు. అన్నీ ఎవరో ఒకరు తవ్వుకుపోయేవే. ఆ ఆరింటిలో నాచు ఒక్కటీ లేదు. 2022 సవరణ షెడ్యూళ్లను కుదించి, మొక్కలను మూడో షెడ్యూలుకు తెచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఎవరూ కోయని, ఎవరూ కొనని, ఎవరి గుమ్మానికీ వేలాడదీయని మొక్క ఎండిపోతుంటే ఈ నిషేధాలలో ఏది అడ్డు పడుతుంది?

ఇలా అన్నందుకు చట్టాన్ని తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. మొదటి షెడ్యూలు లేకపోతే కుందేలు ఈపాటికి బర్నాడిలో కూడా ఉండేది కాదేమో. కానీ జాబితాలో పేరు చేర్చడమే రక్షణ అన్న పట్టుదల మనకు ఎంత ఉందంటే, పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, నాలుగో కాలు ఎదురుగా కనబడుతున్నా ఒప్పుకోవడం లేదు. పేరు చేర్చాక ఏటా ఎవరు వెళ్లి చూడాలి, ఎవరు లెక్క రాయాలి, ఆ లెక్క చూసి ఏ పని మానాలి అన్న మూడు సంగతులు లేని జాబితా అసలు పనికి ముందు కట్టే ముడుపు మాత్రమే.

ఈ రెండింటినీ పోల్చినప్పుడు ఒకటి తరచుగా వినిపిస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) ముప్పున్న జీవులకు వేసే ఎర్రజాబితాలో కుందేలుది ప్రమాదంలో ఉన్న జాతుల వర్గం. తకాకియా సెరటోఫిల్లాది దానికి ఒక మెట్టు కింద, ముప్పు పొంచి ఉన్న వర్గం. కాబట్టి ముందు కుందేలు, తరవాత నాచు, అంటారు. ఆ మెట్లు అంతరించే అవకాశానికి కొలత, విలువకు కొలత కావు. అంతకంటే పెద్ద సంగతి, నాచుకు ఆ వర్గం 2000 నాటి ప్రపంచ జాబితాలో ఇచ్చినది. టిబెట్ లెక్కలు అప్పటికి లేవు. పాత కాగితం చూసి కొత్త జబ్బుకు మందు రాయడం ఏ వైద్యుడూ చేయడు.

లెక్కపెట్టడంలో ఉన్న తేడా మీద కాస్త ఆగాలి, ఎందుకంటే మీ దగ్గరికి వచ్చే ప్రతిపాదనల్లో చాలా వరకు అక్కడే వీగిపోతాయి. కుందేలును చూసి లెక్కపెట్టలేం. గడ్డిలో దాని పెంటికలు వెతికి, ఏ గడ్డిలో ఎక్కువ, ఏ నెలలో ఎక్కువ అని పట్టీ వేస్తారు. అయినా, ఎక్కడో ఒక్కొక్క కుందేలు ఉందన్నది మాత్రం మనకు అనుమానం లేని విషయం. నాచు విషయంలో 'ఒక్కటి' అంటే ఏమిటి? ఒక బండ మీద అరచేతి మేర పచ్చదనం వేల కాడలు కావచ్చు, అన్నీ ఒకే మొక్క ముక్కలే కూడా కావచ్చు. పైగా లెపిడోజియోయిడెస్‌లో మగ మొక్క ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. విరిగిన ముక్క మళ్లీ చిగురించడమే దానికి వంశవృద్ధి. ఎర్రజాబితా నియమాలేమో పెరిగిన జీవులు ఎన్ని, తరానికి ఎన్నేళ్లు అని అడుగుతాయి. ఈ ప్రశ్నకు నాచుల శాస్త్రవేత్తలు ఒక మధ్యేమార్గం వేసుకున్నారు. నేల మీదా రాళ్ల మీదా పెరిగే నాచుకు అది ఉన్న ఒక్కో చదరపు మీటరును ఒక్కో జీవిగా, చెట్ల మీద పెరిగేవాటికి ఒక్కో చెట్టును ఒక్కో జీవిగా లెక్కించడం. చక్కటి పద్ధతి. ఈ లెక్కల పద్ధతులతో యూరప్ 2019లో తన నాచులు, వాటి బంధువులైన లివర్‌వర్టులు, హార్న్‌వర్టులన్నిటినీ, 1,800 పైచిలుకు జాతుల్ని, ఒక్కొక్కటిగా తూచి చూసింది. ఐదింటిలో ఒకటి కంటే ఎక్కువ ముప్పులో ఉన్నాయని తేలింది. మన దేశంలో ఈ కోవ మొక్కలు రెండున్నర వేల జాతులకు పైగా ఉన్నాయి. వాటన్నిటినీ తూచిన జాబితా మనకు లేదు. లెక్క లేదు కనుక ముప్పు లేదు అన్న భావం దానంతట అదే వచ్చేస్తుంది.

కాపాడుకునే దారులు కూడా రెండింటికీ తలకిందులుగా ఉన్నాయి. కుందేలుకు కాళ్లున్నాయి. పక్కపక్కన కాలని గడ్డి పట్టీలు వదిలితే అదే వచ్చి చేరుతుంది. నాలుగైదేళ్లు సరిగ్గా నడిపితే ఫలితం కనిపించే పని ఇది. నాచుకు కాళ్లు లేవు. వేడి పెరిగితే పైకి జరగాలి, పైన కొండ అయిపోతుంది. కానీ కుందేలుకు లేని ఒక సౌకర్యం నాచుకు ఉంది. చిన్న ముక్క చాలు, ప్రయోగశాలలో పెంచవచ్చు. టిబెట్‌లో పనిచేసిన బృందం అలా పెంచిన మొక్కల్ని కొండ మీద వేరే చోట్ల నాటి ఐదేళ్లు చూసింది. వాటిలో కొన్ని బతికాయి, పెరిగాయి కూడా. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో నాచుల సజీవ భాండాగారమే ఉంది. మన గాంగ్‌టాక్‌లో దేశంలోని మొక్కల్ని సర్వే చేసే ప్రభుత్వ సంస్థ బొటానికల్ సర్వేకు ప్రాంతీయ కేంద్రం ఉంది. లాచెన్ మొక్క సజీవంగా అక్కడ భద్రంగా ఉండాలి.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. ఒక నాచు కోసం ప్రజల డబ్బా అని. తకాకియా పోతే సిక్కింలోని తీస్తా నదిలో నీళ్లు తగ్గవు, ఎవరి పంటా ఎండదు. ఆ మాట దాచను. ఉపయోగం చూపించి దాన్ని కాపాడమని అడగడం లేదు. 39 కోట్ల ఏళ్లుగా తెగని ఒక తీగ మన హయాంలో, మన నేల మీద తెగిపోతోంది, అందుకు అడుగుతున్నాను. పైగా ఆ ఖర్చు ఎంతని! రాళ్ల మీద కొన్ని శాశ్వత చతురస్రాలు గుర్తు పెట్టడం, పక్కన ఉష్ణోగ్రత రాసుకునే పరికరం ఉంచడం, మంచు కరిగిన నెలల్లో ఏటా ఒకసారి వెళ్లి అదే కోణంలో ఫొటో తీయడం. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ లొనాక్ సరస్సు గట్టు తెగి తీస్తా లోయను ముంచింది. ఆ కొండల్లో మంచు ఎలా మారుతోందో మనకు తెలియాల్సిన అవసరం నాచుకు మించినది. ఆ చతురస్రాలు దానికీ పనికొస్తాయి.

స్థానికుల్ని మరచిపోకూడదు. లాచెన్‌లో జుంసా అనే పాత గ్రామసభ ఇప్పటికీ నడుస్తోంది. పర్యాటకులు తెచ్చే ప్లాస్టిక్ నీళ్ల సీసాలను ఊళ్లోకి రానివ్వకూడదని తీర్మానించిన సభ అది. గురుదోంగ్‌మార్ సరస్సు చూడటానికి మన తెలుగు రాష్ట్రాల నుంచి కూడా ఏటా బోలెడు మంది ఆ ఊరి మీదుగానే వెళ్తున్నారు. ఏ వాలు మీద ఏ మంచు ఎప్పుడు కరుగుతుందో ఆ ఊరి యాక్ కాపరులకు తెలిసినంతగా గాంగ్‌టాక్‌లో ఎవరికీ తెలియదు, ఢిల్లీలో అసలే తెలియదు. చతురస్రాల కాపలా, ఏటా లెక్క వాళ్ల చేతికే ఇచ్చి, దానికి జీతం కట్టాలి. అటు ఉత్తరాఖండ్ అటవీశాఖ 2020లో నైనీతాల్ దగ్గర ఖుర్పాతాల్‌లో నాచుల తోట పెట్టింది. పిల్లలు వంగి, భూతద్దంలో చూసే తోట. మన వాళ్లు తలుచుకుంటే చేయగలరు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కాబట్టి నా అభ్యర్థనలు. 2002 జీవవైవిధ్య చట్టం 38వ సెక్షన్ కింద, సిక్కిం ప్రభుత్వంతో సంప్రదించి, తకాకియాను ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించండి. ఆ సెక్షన్ సేకరణను నిషేధించమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, ఆ జాతి పునరుద్ధరణకు తగిన చర్యలు తీసుకోమని కూడా అంది. చాలా ప్రకటనల్లో మొదటి సగమే అమలవుతోంది. రెండో సగాన్ని కూడా రాయండి: ఎవరు, ఏ నెలలో, ఏ వాలు మీద, ఏ డబ్బుతో. బొటానికల్ సర్వేకు భారతీయ బ్రయోఫైట్ల ఎర్రజాబితా పనిని గడువుతో అప్పగించండి. పశ్చిమ కనుమలు, తూర్పు కనుమలు కూడా అందులో ఉండాలి. మా అరకు, లంబసింగి కొండల్లో తేమ పట్టిన బండల మీద ఏముందో మా పిల్లలకు కూడా తెలియాలి.

కుందేలు విషయంలో అడిగేది కొత్త చట్టం కాదు. దుధ్వా, జల్దాపారా, మానస్, బర్నాడి నిర్వహణ ప్రణాళికల్లో గడ్డి కాల్చే పేజీని మళ్లీ రాయించండి. ఏ ఏడాదీ ఒక గడ్డిమైదానంలో మొత్తం కాల్చకూడదు. పట్టీలు పట్టీలుగా, ఏడాది విడిచి ఏడాది కాల్చాలి. నదిగట్టు గడ్డినీ చిత్తడి అంచునూ తాకకూడదు. కాల్చేదేదో సీజను మొదట్లోనే ముగించాలి, పిల్లలుండే నెలల్లోకి పోనివ్వకూడదు. కాల్చే ముందు పెంటికల సర్వే చేసి, అవి దొరికిన పట్టీలను ఆ ఏడాదికి వదిలేయాలి. ఎంత కాలింది, ఎప్పుడు కాలింది అన్నది మ్యాపుతో సహా ఏటా ప్రజల ముందు పెట్టాలి. అస్సాంలో చిట్టి అడవిపందిని 1996 నుంచి పెంచి, 2008 నుంచి గడ్డిమైదానాల్లోకి వదులుతున్నారు. దానికోసం బాగుచేసిన గడ్డే ఈ కుందేలుకూ ఇల్లు. రెండింటి లెక్కా ఒకే పుస్తకంలో రాస్తే సిబ్బందికి అదనపు భారం కూడా పెద్దగా ఉండదు.

డిసెంబరులో ఆ గడ్డికి మళ్లీ అగ్గిపుల్ల గీస్తారు. పట్టీల ఉత్తర్వు దానికి ముందే, నవంబరులోగా, ఆయా పార్కుల క్షేత్ర సంచాలకులకు చేరాలి. లాచెన్ పైన మంచు విడిచేది జూన్ తరవాత. మొదటి చతురస్రాలు వేయడానికి సర్వే బృందానికి అనుమతులు, డబ్బు మే నెలకల్లా అందాలి. ఈ రెండు తేదీల మీద మీ శాఖ నుంచి రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
పార్వతీపురం